మా బావా, అన్నమ్మాళ్ ఓడా

మా నూజెండ్ల వైపు వచ్చి నాగేశ్వరరావు ఇల్లెక్కడని అడిగితే, ఏ నాగేశ్వరరావు అని ఎదురడుగుతారు. ట్రాక్టర్ నాగేశ్వరరావు ఉన్నాడు, పాలకేంద్రం నాగేశ్వరరావు ఉన్నాడు, చెవిటి నాగేశ్వరరావు ఉన్నాడు. మా బావ ఓడ నాగేశ్వరరావు. ఆ పేరు విని కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు? బోరు ఎంత లోతు దించినా నీళ్లు పడతాయో పడవో తెలియని నేల మాది. ఇక్కడ పుట్టినవాడికి ఓడ ఇంటిపేరు కావడం ఏమిటి? నేనూ ఆయన్ని ఏళ్ల తరబడి వెక్కిరించినవాణ్ణే. ఇప్పుడు ఎవరైనా నవ్వితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు శ్రీహరి. వినుకొండ రోడ్డులో ఎరువుల కొట్టు నడుపుతాను. నాగేశ్వరరావు మా అక్క కోటేశ్వరి భర్త. నాకు నోరెక్కువని మా అక్క అంటుంది. ఉంటే ఉంది, ఈ సంగతి చెప్పడానికి ఆ మాత్రం నోరు కావాలి. మా బావ చెప్పడు. ఆయన్ని కదిలిస్తే "ఆఁ, ఏదోలే" అని తువ్వాలు దులుపుకుని చేలోకి పోతాడు.

పెళ్లినాటికి ఆయనకు మూడెకరాల మెట్ట ఉండేది. సగం పత్తి, సగం మిరప. అది చాలక మిరపకాయలు తొక్కే పనికి వెళ్లేవాడు. ఎండిన కాయను గోతాంలో పోసి, మనిషి ఆ గోతాంలోనే నిలబడి కాళ్లతో తొక్కుతాడు. కాయ అణిగేకొద్దీ పైన పోస్తుంటారు, మనిషి పైకి లేస్తుంటాడు. ఒంటికి ఆముదం పట్టించుకున్నా ఆ ఘాటును అలవాటు లేనివాడు పావుగంట కూడా ఓపలేడు. కళ్లు, ముక్కు, గొంతు అన్నీ మండిపోతాయి. మా బావ మాత్రం పొద్దున గోతాంలో దిగితే మధ్యాహ్నం సద్దికే బయటికి వచ్చేవాడు. ఒక్క తుమ్ము తుమ్మేవాడు కాదు. "నీది ముక్కా, మోటారు పైపా బావా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

నరసరావుపేటలో నరసింహారావు గారని మిర్చి వ్యాపారి ఉండేవారు. ఆయన సరుకు లారీల్లో తూత్తుకుడికి వెళ్లి, అక్కడి నుంచి ఓడ మీద మాల్దీవుల్లోని మాలేకు వెళ్లేది. సరుకు వెంట నమ్మకమైన మనిషిని పంపడం ఆయన పద్ధతి. ఒక ఏడు మా బావను పంపారు. ఓడ బయల్దేరే వేళకు సరుకు మనిషి కనబడలేదట. తండేలు, అంటే ఓడ నడిపే పెద్ద, ఊరంతా వెతికించాడు. చివరికి చూస్తే మా బావ ఓడ అడుగున మిర్చి బస్తాల మీద తువ్వాలు పరుచుకుని గుర్రుపెడుతున్నాడు. అక్కడి కూలీలు మూతి కట్టుకుని కూడా దగ్గుతున్న చోట ఈయన నిద్రపోతున్నాడు. తండేలు ఆయన్ని లేపకుండా పైకి వచ్చి, వీణ్ణి దించొద్దు, ఓడకు పనికొస్తాడు అన్నాడట. అలా ఎక్కినవాడు ఇరవై ఏళ్లు దిగలేదు.

ఆ ఓడ పేరు అన్నమ్మాళ్. తండేలు నాయనమ్మ పేరు అది. ఆయన తాత తూత్తుకుడి ఒడ్డున ఇసకలో వడ్రంగుల్ని కూర్చోబెట్టి కట్టించాడు. మొదట్లో ఇంజను లేదు, తెరచాపలే. ఉప్పు, పెంకులు, ఎండుచేపలు, ఉల్లిగడ్డలు వేసుకుని కొలంబోకూ మాలేకూ గాలితో వెళ్లి గాలితో వచ్చేది. లంకలో యుద్ధం వచ్చినప్పుడు కొన్నేళ్లు రేవులో ఊరికే పడి ఉంది. తర్వాత ఇంజను పెట్టారు గానీ తెరచాప తీసెయ్యలేదు. సునామీ వచ్చిన పొద్దున అన్నమ్మాళ్ నడిసముద్రంలో ఉందట. కింద నుంచి ఏదో మెత్తగా ఎత్తి దించినట్టయింది, అంతే, టీ గ్లాసు కూడా తొణకలేదని మా బావ ఒక్కసారి మా అక్కకు చెప్పాడు. రేవుకు వచ్చి టీవీ చూశాక గానీ వాళ్లకు విషయం తెలియలేదు.

కొయ్య ఓడ పలకల మధ్య సందులుంటాయి కదా. ఆ సందుల్లో దూది కూరి, పైన గుగ్గిలం నూనెలో ఉడకబెట్టి పూస్తారు. ఏటా ఆ పని చెయ్యాల్సిందే. మా బావ ఎక్కాక ఆ దూది మా చేలోదే. తొలి తీతలో పొడుగు పోగున్న పత్తి ఏరి, ఒక మూట కట్టి అన్నమ్మాళ్‌కని పక్కన పెట్టేవాడు. మా అక్కకు ఒళ్లు మండేది. "ఎవతయ్యా ఆ అన్నమ్మ? మంచి పత్తంతా దానికే పెడతండావు" అని పోట్లాడేది. ఊళ్లో ఆడవాళ్లు కొందరు నిజంగానే అరవదేశంలో ఆయనకు ఇంకో సంసారం ఉందనుకున్నారు. మా అక్క మొహం మీదే అడిగిన మహాతల్లులూ ఉన్నారు.

జూన్ నుంచి ఆగస్టు దాకా సముద్రం మంచిది కాదు, ఓడలు కదలవు. ఆ నెలల్లోనే మా దగ్గర తొలకరి, మిరపనారు పోసే కాలం. కాబట్టి బావ ఇంటికి వచ్చి నారు పోసి, దుక్కి దున్ని, మళ్లీ గాలి మారగానే వెళ్లిపోయేవాడు. మధ్యలో పత్తి తీతకూ, మిర్చి సరుకు కోసమూ నాలుగు రోజులు వచ్చిపోయేవాడు. మిగతా సేద్యమంతా మా అక్కదే. మందు కొట్టించడం, కాయ కోయించడం, కూలీలతో గొడవలు. ఆమెకు ఆయాసం, ఆయనకు ఓడ. నాకైతే ఆ మనిషిని చూస్తే చిరాకేసేది.

కరోనాకు రెండేళ్ల ముందు పెద్ద తుఫాను వచ్చింది. అన్నమ్మాళ్ ఎక్కడుందో తెలియదు, బావ ఫోను మోగదు. అక్క అన్నం మానేసి గడపలో కూర్చుంది. చివరికి ఓడ ఏదో దీవి చాటున దాక్కుని క్షేమంగా వచ్చింది. ఆయన నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ నవ్వు చూసి అక్క చేతిలో చేట విసిరికొట్టింది.

ఆ మరుసటి శివరాత్రికి ఆయన్ని కోటప్పకొండ తీసుకెళ్లింది. తిరునాళ్ల జనంలో తోసుకుంటూ పైకెక్కి, త్రికోటేశ్వరుడి ఎదుట నిలబెట్టి, ఈసారి ఓడెక్కడమే ఆఖరి తడవ అని ఒట్టు వేయించుకుంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఒట్టయితే వేశాడు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొండ దిగుతుండగా అక్క నన్ను పక్కకు లాగింది.

"ఒరేయ్ శ్రీహరీ, నాకు ఈయన మీద నమ్మకం లేదు. నువ్వు కూడా పో. సరుకు దింపినాక మెడబట్టి ఇంటికి తీసుకురా."

"నాకెందుకే అక్కా? నాకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుద్ది."

"తిప్పితే తిప్పనీ. ఆయన రాకపోతే నువ్వూ రాబాక."

అదీ నేను ఓడెక్కిన కథ. మా అక్క మొగుణ్ణి ఇంటికి చేర్చాలి. నాకు అంతకు మించి సముద్రంతో పని లేదు.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. తప్పని మేమెవ్వరం అనుకోని తప్పు. ఎండిన మిరపకాయను అలాగే తొక్కితే పటపటా విరిగి గింజ రాలిపోతుంది. అందుకని ముందురోజు కాస్త నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. పల్నాడంతా చేసే పనే. లారీలో పోయే సరుక్కి ఫర్వాలేదు. కానీ ఓడలో వేసే సరుకును మా బావ ఎప్పుడూ నీళ్లతో తొక్కనిచ్చేవాడు కాదు. కాయను రాత్రి ఆరుబయట మంచుకు పరిచి, ఆ మెత్తదనంతోనే తొక్కి, బస్తాను మళ్లీ ఎండలో పెట్టేవాడు. ఆ ఏడు ఆయన తిరునాళ్లలో ఉండగా నరసరావుపేటలో బస్తాలు నిండిపోయాయి. లారీ బయల్దేరింది.

తూత్తుకుడిలో బావ ఒక బస్తా మీద అరచెయ్యి పెట్టి, పక్క బస్తా మీదా పెట్టి చూశాడు.

"తడిదొక్కారు" అన్నాడు.

"అయితే ఏంది బావా? అందరూ చేసేదే గదా" అన్నాను.

"ఓడలో మూత కింద ఉడుకుద్దిరా. మీ అక్కకి మాత్రం చెప్పబాక, నేను తిరునాళ్లకి పోబట్టే ఇట్టయిందని బాధపడుద్ది."

బస్తాలు దింపి ఎండబెడదామని తండేలుతో చెప్పాడు. తండేలు నెరిసిన జుట్టు, మెడలో శిలువ, చెవులు రెండూ పెద్దవిగా ఉన్న మనిషి. మా బావతో ఇన్నేళ్ల సావాసంలో ముక్కలు ముక్కలుగా తెలుగు నేర్చాడు. రేవులో అనుమతి కోసం అప్పటికే వారం ఆగాం, ఇంక ఆగితే గాలి పోతుంది అన్నాడు. ఎక్కించేశారు.

అన్నమ్మాళ్‌ను అప్పుడే మొదటిసారి చూశాను. నేను పడవ అనుకుని వెళ్లాను. మూడు లారీలు వరసగా నిలబెట్టినంత పొడుగు, అంతా కొయ్య. నల్లగా నూనె తాగిన పలకలు. మధ్యలో స్తంభం పైకి చూస్తే మెడ నొప్పెట్టింది. బావ చెప్పులు విడిచి, ముందు పలకకు నుదురు ఆనించి ఎక్కాడు. నేనూ చెప్పులు విడిచాను. ఎందుకు విడిచానో నాకే తెలియదు.

మొదటి రోజంతా నేను వాంతులతో పడి ఉన్నాను, దాని గురించి అడక్కండి. రెండోరోజు పొద్దున కాస్త తేరుకుని కూర్చున్నాను. నాలుగు దిక్కులా నీళ్లు. ఒక్క చెట్టు లేదు, గట్టు లేదు. సముద్రం లోపల నుంచి సూర్యుడు బయటికి వచ్చాడు. నాకు భయమూ భక్తీ రెండూ కలిగి దణ్ణం పెట్టాను. అప్పుడు చూశాను మా బావను. ఇంటి దగ్గర గోడవారగా నడిచే మనిషి అక్కడ స్తంభం మీదికి ఉడతలా పాకి, చివర కూర్చుని తాడు ముడి సరిచేస్తున్నాడు. అరవై దగ్గరపడినవాడు! కింద కుర్ర ఓడవాళ్లు ఆయన చెయ్యి ఎటు ఊపితే అటు తాళ్లు లాగుతున్నారు. ఇరవై ఏళ్లుగా నేను వెక్కిరించింది ఈయన్నేనా అనిపించి సిగ్గేసింది.

"ఏం బామ్మర్దీ, బతికే ఉండావా?" అన్నాడు దిగి వచ్చి.

"ఉన్నాగానీ, అక్కకి ఇచ్చిన మాట గుర్తుందా?"

ఆయన నవ్వలేదు. "ఒట్టేశా గదా. వస్తాలే. వచ్చేది వస్తా" అని, ఓడ అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు. నాకు ఆ మాట నచ్చలేదు. మనిషి వస్తాడు సరే, వచ్చినవాడు ఎట్లా ఉంటాడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున టీ తాగుతుండగా ఓడ అడుగున టప్‌మని చప్పుడైంది. అంతకుముందు నుంచీ అలలు అడ్డంగా కొడుతున్నాయి. తండేలు గ్లాసు కింద పెట్టేసి పరుగెత్తాడు. అడుగున ఒక పలక చివర విడిపోయింది. నీళ్లు వస్తున్నాయి. ఇంజను గది కిందే కాబట్టి కాసేపటికే ఇంజను ఆగిపోయింది, వైర్‌లెస్ బ్యాటరీ తడిసి అదీ పోయింది. అయినా తండేలు గాబరా పడలేదు. పైన వేరే డీజిల్ పంపు ఉంది. దాన్ని తిప్పితే లోపలి నీళ్లు ఎప్పటికప్పుడు బయటికి పోతుంటాయి. తెరచాపలెత్తి వాయవ్యంగా పోతే చేపల పడవలు తిరిగే చోటు వస్తుంది, పొద్దువాలే లోపల చేరతాం అన్నాడు.

తెరచాపలెత్తారు. నేను చూసినవాటిలో అంత గొప్పది ఇంకోటి లేదు. అతుకుల మీద అతుకులున్న పాత గుడ్డ, గాలి నిండగానే చప్పుడు చేసి ఉబ్బింది. ఇంజను రొద లేదు. ఆ ముసలి ఓడ ఒక్కసారి ఒంగి లేచి, నీళ్లను చీల్చుకుంటూ పరుగు తీసింది. అడుగున చిల్లి పడిన ఓడ! తండేలు చుక్కాని పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. మా తాత కాలంలో ఇట్లాగే పోయేది అన్నాడు.

అంతలో పంపు దగ్గర నీళ్లు ఆగిపోయాయి. పంపు తిరుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం రావడం లేదు. కింద మూడు రోజులుగా ఉడికిన బస్తాలు సముద్రపు నీళ్లు తగలగానే ఉబ్బి కుట్లు తెగి పగిలాయి. కాయ, గింజ, తొక్క అంతా కలిసి ముద్దయి పంపు పైపు మూతికి అడ్డం పడింది. మా చేలో బావి మోటారుకు ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, అందులో పాచి ఇరుక్కున్నట్టే. ఎవరో ఒకరు కిందికి దిగి చేత్తో తియ్యాలి.

ఒక ఓడవాడు మూతికి గుడ్డ కట్టుకుని దిగి, గుండె పట్టుకుని వెంటనే పైకి వచ్చాడు. ఇంకొకడు దిగి స్పృహ తప్పాడు, తాడు వేసి లాగారు. మూత కింద ఉడికిన మిర్చి ఆవిరి మామూలు ఘాటు కాదు. నేనూ పల్నాటివాణ్ణే, మిర్చి మధ్యనే పుట్టానని పొగరుగా దిగాను. మూడు మెట్లు దిగానో లేదో కళ్లలో నిప్పులు పోసినట్టయింది. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. ఎవరు లాగారో తెలియదు, పైన పడి గేదెలా రొప్పుతున్నాను.

బావ అప్పటికే చొక్కా విప్పి, వంటగదిలో కొబ్బరినూనె సీసా మొత్తం ఒంటికి, మొహానికి పట్టించుకుంటున్నాడు.

"బావా, పోబాక. చచ్చిపోతావు" అన్నాను.

"ఒరేయ్, నేను తొక్కిన కాయ నన్ను చంపదులే" అన్నాడు. తడి తువ్వాలు మూతికి చుట్టుకుని దిగిపోయాడు.

కాసేపు పంపులోంచి ఏమీ రాలేదు. తండేలు చుక్కాని వదలకుండా మా వైపే చూస్తున్నాడు. పంపు దగ్గర గరగరమని చప్పుడై, ఎర్రటి నీళ్లు భళ్లున బయటికి వచ్చాయి. అందరం అరిచాం. ఆ అరుపు ఆగకముందే మళ్లీ అడ్డం పడింది. ఆయన మళ్లీ తీశాడు. మళ్లీ పడింది. ఇంక అదే పని. ఆయన గాలి కోసం పైకి తల పెట్టేవాడు, మేము మంచినీళ్లు మొహాన కొట్టేవాళ్లం, మళ్లీ దిగేవాడు. నడుం లోతు నీళ్లలో, పైన బస్తాలు ఎప్పుడు కూలతాయో తెలియని చోట, చీకట్లో, చేతులతో ఆ ముద్ద తీస్తూ. పైన ఓడ గాలితో పరుగెత్తుతూనే ఉంది. ఓడ వెనకాల సముద్రం మీద ఎర్రటి చార పొడుగ్గా సాగింది.

మధ్యాహ్నం దాటాక ఆయన పైకి వచ్చినప్పుడు చూస్తే కళ్లు మూతబడిపోయాయి. వాచి రెండు గీతల్లా ఉన్నాయి. చేతులు బొబ్బలు. ఇంక దిగనివ్వనని కాళ్లు పట్టుకున్నాను. సిగ్గు విడిచి ఏడ్చాను.

"అక్కకి ఏం చెప్పమంటావు బావా? చానా చేశావు, ఇంక వద్దు. ఓడ వెనక కట్టిన చిన్న పడవలో ఎక్కుదాం పద."

ఆయన తడుముకుని నా తల మీద చెయ్యి వేశాడు. మాట గుసగుసగా వచ్చింది. "ఆ చిన్న పడవలో సగం మందే పడతారురా. చేపల పడవలు కనపడేదాకా దీన్ని నిలబెడితే చాలు. కళ్లు మూసుకుని పని చెయ్యడం నాకు కొత్తగాదు, చేత్తోనే తెలుసుద్ది." కాళ్లు విడిపించుకుని దిగిపోయాడు.

నేను మా కోటప్పకొండ స్వామికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు. పక్కన ఓడవాళ్లు మేరీమాతకు మొక్కుతున్నారు. పొద్దు వాలుతుండగా స్తంభం మీదున్నవాడు కేకేశాడు. దూరంగా రంగురంగుల చేపల పడవలు. కేరళవాళ్లవి. మా తెరచాప చూసి వాళ్లే ఎదురొచ్చారు. ఒక్కొక్కరినీ దించారు. బావ ఆఖర్న, తండేలుకు ముందు దిగాడు. ఆయనకు కళ్లు కనబడటం లేదు కాబట్టి నేను నడిపించాను. ఓడ అంచు దగ్గర ఆగి, పలక తడిమి, నుదురు ఆనించాడు. ఎంతసేపటికీ కదలడు. చివరికి తండేలే ఆయన భుజం పట్టి దించాడు.

పంపు ఆగాక అన్నమ్మాళ్ ఎక్కువసేపు లేదు. ముందు భాగం ఒంగింది. తెరచాపలు ఇంకా గాలితో నిండే ఉన్నాయి. అట్లా నిండుగా ఉండగానే నీళ్లలోకి వెళ్లింది. ఒక్క మనిషి ప్రాణం పోనివ్వలేదు. చేపలవాళ్లు కూడా తలగుడ్డలు తీసి నిలబడ్డారు.

"పోయిందా?" అని అడిగాడు బావ. ఆయనకు కనబడదు కదా.

"పోయింది బావా" అన్నాను.

అక్క చెప్పిన పని చేశాను. మా అక్క మొగుణ్ణి ఇంటికి చేర్చాను. కేరళ ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి, కళ్లు తేరుకున్నాక రైల్లో వినుకొండ తెచ్చి అక్కకు అప్పజెప్పాను. అక్క ఆయన చేతులు చూసి, మొహం చూసి, చివరికి నన్ను చూసింది. నేనే జరిగిందంతా చెప్పాను, తిరునాళ్ల సంగతి తప్ప.

కానీ వచ్చినాయన మా బావ కాదు. గొంతు నయమైనా మాట లేదు. పెట్టింది రెండు ముద్దలు తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మంచం మీద గోడకు తిరిగి పడుకునేవాడు. మనిషి చచ్చిపోతే పలకరించడానికి ఊరంతా వస్తుంది. ఓడ పోతే ఎవరొస్తారు? వచ్చినవాళ్లు కూడా నవ్వారు. "ఎవరూ చావలేదుగా, కొయ్యముక్క పోతే ఈ దిగులేంది?" అన్నాడు పాలకేంద్రం నాగేశ్వరరావు. వాణ్ణి నేను చొక్కా పట్టుకుని బయటికి గెంటాను.

అక్క మాత్రం నాలుగు రోజులు చూసి, పంతులు గారింటికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"పంతులు గారూ, సముద్రంలో పోయి శవం దొరక్కపోతే బొమ్మ చేసి కర్మ చేస్తారు గదా. మా ఇంట్లో ఒకటి చెయ్యాలి" అంది.

"ఎవరు తల్లీ పోయింది?"

"ఓడ."

పంతులు గారు నవ్వబోయి అక్క మొహం చూసి ఆగారు. "ప్రాణం లేనిదానికి కర్మ ఏందమ్మా? గోత్రం ఏం చెప్పను?"

"మా ఆయన గోత్రమే చెప్పండి. ఇరవై ఏళ్లు ఆయన్ని నీళ్ల మీద మోసింది. నేను ఒక్కనాడన్నా దాన్ని మంచిమాట అనలేదు. తిట్టినదాన్ని నేనే, పెట్టేదాన్నీ నేనే."

పంతులు గారు చాలాసేపు ఆలోచించి, మంత్రాలు నా వల్ల కాదు, మీరు పేరు తలచుకుని నీళ్లొదిలి పదిమందికి అన్నం పెట్టండి, నేనూ వచ్చి కూర్చుంటాను అన్నారు.

అక్క నా చేత తండేలుకు ఫోను చేయించింది. ఈమెది పల్నాటి తెలుగు, ఆయనది ముక్కల తెలుగు. ఏం అర్థమైందో గానీ అవతల ఆయన ఏ రోజని మాత్రం అడిగాడు. ఓడ పోయిన పదకొండో రోజు పొద్దున వినుకొండ స్టేషన్లో తండేలు, ఓడవాళ్లందరూ దిగారు. ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. మా ఊరి జనం వీధుల్లోకి వచ్చి చూశారు. లుంగీలు, నల్లటి ఒళ్లు, మెడల్లో శిలువలు.

బావను గుండ్లకమ్మకు తీసుకెళ్లాం. ఎండాకాలం కదా, ఏట్లో నీళ్లు లేవు, ఇసకే. అక్క కూర్చుని చేతులతో ఇసక తోడింది. చలమలో నీళ్లు ఊరాయి. బావ దోసిట్లో పోసి, అన్నమ్మాళ్ పేరు చెప్పి వదలమంది. ఆయన వదిలాడు. తండేలు కూడా వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని తనూ వదిలాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మా ఇంటి పంచలో వరసగా విస్తళ్లు వేశాం. తండేలు పక్కన బావ, బావ పక్కన నేను, ఎదురుగా ఓడవాళ్లు, చివర పంతులు గారు. పాలకేంద్రం నాగేశ్వరరావు కూడా వచ్చి, నా వైపు చూడకుండా నీళ్లు పోస్తున్నాడు. అక్క అందరికీ వడ్డిస్తోంది. బావ విస్తట్లో అన్నం వేసి, పప్పు వేసి, ఎప్పటిలాగే ఆగకుండా పక్క విస్తరికి వెళ్లబోయింది. ఎప్పటిలాగే ఆయన కెలికి లేస్తాడనుకున్నాం.

ఆయన కలుపుకుని తిన్నాడు. మొత్తం తిన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారి విస్తట్లో పడుతున్నాయి, అయినా తింటున్నాడు. తిని తలెత్తి అక్క వైపు చూశాడు.

"కోటేశ్వరీ, ఇంకొంచెం పప్పెయ్యి" అన్నాడు.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. తండేలు తన విస్తరి పక్కకు జరిపి ఆమెకు దారిచ్చాడు. అక్క వంగి ఆయనకు పప్పు వేసింది, మీద నెయ్యి వేసింది, చాలన్నా ఆగకుండా వేస్తూనే ఉంది.